మూసిన అంగడికి కాపలా

మెండెల్ బ్లౌస్టైన్‌ని చంపింది ఒక్కడు కాదు. కత్తి పట్టినవాడు ఒక్కడే, వాడి పేరు చెబుతాను. కానీ శనివారం పొద్దున ఆ సందులో అటూ ఇటూ నిలబడి చూసినవాళ్లు నలభైమందికి తక్కువ లేరు. మీలో సగంమంది మెడల చుట్టూ ఉన్న బొచ్చు కాలర్లు ఆయన కుట్టినవే. 'యూదుల దగ్గర కొనకండి' అన్న అట్ట చదివారు, కాలరు పైకి లాక్కున్నారు, అవతలి పక్క నుంచి నడిచిపోయారు. ఎదురుగా మందుల షాపు మేడ మీద కిటికీలో మోచేతులు ఆనించి కాఫీ తాగుతూ చూసినవాళ్లున్నారు. ముసలివాడి వేళ్లు తలుపు సందులో పెడుతుంటే మీకు కనబడలేదంటారు. కనబడింది. కప్పు కింద పెట్టకుండా చూశారు.

సోమవారం, ఏప్రిల్ మూడు, 1933. పొద్దున ఎనిమిదింబావుకి నేను ఆ అంగడి లోపలికి వెళ్లాను. నాకున్న టైము పన్నెండు దాకా.

పన్నెండింటికి మెండెల్ మేస్త్రి భార్య గిటెలమ్మ నోటరీ దగ్గర సంతకం పెట్టాలి. అంగడి, కుట్టుమిషన్లు, తోళ్లు, గుమ్మం మీద పేరు, అన్నీ రెండు గుమ్మాల అవతల ఉన్న ఎర్విన్ క్రాట్ష్‌కి రాసివ్వాలి. పెడితే, పోలీసులు పట్టుకెళ్లిన ఆమె తమ్ముడు హీర్ష్ కోపంలో బావని పొడిచాడని రాస్తారు, జైలుతో పోతుంది. పెట్టకపోతే దోచుకోవడానికి చంపాడని రాస్తారు, తల తీస్తారు. ఈ బేరం ఆమెకి చెప్పింది కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్ హెంపెల్. కుర్చీ లాక్కుని కూర్చుని, ఆమె ఇచ్చిన టీ తాగి మరీ చెప్పాడు.

లోపల క్రాట్ష్ టేపు పట్టుకుని గోడలు కొలుస్తున్నాడు.

"దేన్నీ ముట్టుకోకు ఫైవెల్. పోలీసుల స్వాధీనంలో ఉంది," అన్నాడు.

"నీ స్వాధీనంలోకి రావడానికి ఇంకా మూడుముప్పావు గంటలుంది కదరా. అప్పుడే కొలతలేంటి?"

"ఆవిడ సంతకం పెడుతుందన్నారు."

"పెట్టేదాకా ఆగలేకపోయావా? మేస్త్రి రక్తం ఇంకా గచ్చు సందుల్లోనే ఉంది. దాని మీద నిలబడ్డావు, చూసుకో."

కాలు తీసి పక్కన పెట్టాడు. అంతే.

మేమిద్దరం ఆ బల్ల దగ్గరే పని నేర్చుకున్నాం. నాకు పన్నెండు, వాడికి పదమూడు. మేస్త్రి ఇద్దరినీ ఒకే కర్రతో కొట్టాడు, ఇద్దరికీ ఒకే డబ్బాలోంచి రొట్టె పెట్టాడు. తర్వాత వాడు సొంత అంగడి పెట్టుకున్నాడు. నేను పనివాళ్ల సంఘంలోకి వెళ్లి, దొంగ తోళ్లు పట్టే పనిలో పడి డిటెక్టివ్‌నయ్యాను.

బల్ల మీద వెండి నక్క తోలు ఒకటి పరిచి ఉంది. బొచ్చు పైకి. మెడ నుంచి నడుం దాకా నాలుగు గాట్లు. గాటు పడిన చోటల్లా వెంట్రుకలు సగానికి తెగి బల్ల నిండా, నేల నిండా, ఎండిన రక్తంలో అతుక్కుని ఉన్నాయి. పోలీసు కథ ప్రకారం మేస్త్రి ఈ తోలు కోస్తూండగా హీర్ష్ వచ్చాడు, గొడవైంది, అదే కత్తి లాక్కుని మెడలో పొడిచాడు.

"ఎర్విన్, ఇలా రా. ఇది చూడు."

"చూశాను."

"మొదటిరోజు మేస్త్రి మనకి ఏం చెప్పాడు?"

"ఎప్పటి మాట. గుర్తులేదు."

"నీ ఎడమ చెవినడుగు, దానికి గుర్తుంటుంది. బొచ్చు వైపు కత్తి పెట్టావని రక్తం చిమ్మేదాకా మెలేశాడు. తోలు వైపు నుంచి కొయ్యాలి, ఎత్తి పట్టుకుని గాల్లో కొయ్యాలి, కత్తి చర్మం దాటి లోపలికి పోకూడదు. తోలు రెండవ్వాలి గాని ఒక్క వెంట్రుక తెగకూడదు. మొదటి ఏడే వచ్చింది మనకి. యాభై ఏళ్లు కోసిన మేస్త్రి ఇలా కోశాడా?"

క్రాట్ష్ టేపు చుడుతున్నాడు. చుట్టింది విప్పి మళ్లీ చుట్టాడు.

"ఇది మేస్త్రి కోసింది కాదు. నువ్వు కోసింది కూడా కాదు, అంతవరకు ఒప్పుకుంటాను. బతుకులో ఈ కత్తి పట్టనివాడు, ఇక్కడ పని జరుగుతోందని నమ్మించడానికి నక్కని నరికాడు. నువ్వు గడపలో కాలు పెట్టగానే నీకు తెలిసిపోయింది. అవునా?"

"నేను పోలీసుని కాను."

"బొచ్చు పనివాడివా, కాదా?"

"నాకిద్దరు ఆడపిల్లలున్నారు ఫైవెల్."

"గిటెలమ్మకి ఒక్కడే తమ్ముడున్నాడు."

వాకిట్లో బూట్ల చప్పుడైంది. హెంపెల్ వచ్చాడు. వెనక ఇద్దరు గోధుమరంగు చొక్కాల పార్టీ దళంవాళ్లు, తలుపంతేసి మనుషులు.

ఆరేళ్ల క్రితం హెంపెల్ సేబుల్ అనే ఖరీదైన బొచ్చు తోళ్ల దొంగతనంలో ఒక నిరపరాధిని లోపలేశాడు. అసలు దొంగని నేను పట్టి పేపర్లకి చెప్పాను. ఆ రోజు నుంచి నా మీద కన్నేసి ఉంచాడు. ఇప్పుడు ఆయన కోటు మీద కొత్త పార్టీ బిళ్ల మెరుస్తోంది.

"ఫైవెల్ ద్రుకర్. నీ డిటెక్టివ్ లైసెన్సు రద్దయిందని శుక్రవారం ఉత్తరం అందలేదా?"

"అందింది. మీ సంతకం గుర్తుపట్టాను."

"మరి ఏ హోదాలో వచ్చావిక్కడికి?"

"శిష్యుడి హోదాలో. మా మేస్త్రి పోయారు."

నవ్వాడు. సంచిలోంచి రిపోర్టు తీసి నా ఛాతీకి కొట్టాడు. "చదువు. రాత్రిబడికి కూడా పోకుండా నీ అంతట నువ్వే చదువు నేర్చుకున్నావటగా. గట్టిగా చదువు, క్రాట్ష్ కూడా వింటాడు."

చదివాను. పది గంటలకు మృతుడు యూదుల అంగళ్ల బహిష్కరణను ధిక్కరిస్తూ స్వయంగా అంగడి తెరిచాడు. పది యాభైకి బావమరిది పెరటి దారిన వచ్చాడు. పదకొండుకు హత్య. పదకొండుంబావుకు ఇన్‌స్పెక్టర్ హెంపెల్ మొట్టమొదటిసారిగా స్థలానికి చేరుకున్నాడు. చివర్న ఇంకో మాట. అంగడి తాళంచెవి మృతుడు తొడుక్కున్న నల్లకోటు కుడి జేబులో దొరికింది, తీసినవాడు హెంపెల్.

ఆ చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. మళ్లీ చదివాను. గట్టిగానే చదివాను. అది నేను చేసిన తప్పు, ఆ తప్పుకి ధర తర్వాత తెలిసింది.

"ఏంటి, మాట అర్థం కాలేదా?" అన్నాడు హెంపెల్, నా కళ్లలోకి చూస్తూ.

మాట మార్చాను. "మేస్త్రి కుడిచేతి వేళ్లు నాలుగూ నలిగి నల్లబడ్డాయి. గిటెలమ్మ శనివారమే చూసింది. ఆ వేళ్లతోనే తాళం తిప్పాడా? ఆ వేళ్లతోనే నక్కని కోశాడా?"

హెంపెల్ వెనక్కి తిరిగి ఆ ఇద్దరికీ తల ఊపాడంతే. మొదటి దెబ్బ చెవి మీద పడింది, రెండోది కడుపులో. కింద పడ్డాక బూట్లు. పక్కటెముక ఒకటి విరిగిన చప్పుడు నాకే వినబడింది. లేపి, తోళ్లు సాగదీసి మేకులు కొట్టే చెక్క మీద నా ఎడమచెయ్యి పరిచారు.

"క్రాట్ష్," అన్నాడు హెంపెల్. "నీ అంగడి కదా ఇక. మొదటి తోలు నువ్వే కొట్టు."

క్రాట్ష్ కదల్లేదు.

"లేదంటే వేరే కొనేవాణ్ణి చూసుకుంటాను. లైన్లో ఉన్నారు."

సుత్తి తీసుకున్నాడు. డబ్బాలోంచి సన్న మేకు ఏరుకున్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం సాగదీసి పట్టుకున్నాడు. సాగదీస్తే చర్మం చీలదని మేస్త్రి నేర్పాడు, నేర్పినట్టే చేశాడు. రెండే దెబ్బలు. మంచి పనివాడు. కొడుతున్నంతసేపూ వాడి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఆ నీళ్లు నాకెందుకు? నా చేతిలో మేకు దిగింది.

"శవాన్ని పొద్దున్నే మీవాళ్లకి ఇప్పించేశాను," అన్నాడు హెంపెల్ టోపీ సర్దుకుంటూ. "మీలో ఆలస్యం చెయ్యకూడదటగా. పదకొండింటికి పూడుస్తారు. నాకు దయ లేదని ఎక్కడా చెప్పకు."

వెళ్లిపోయారు. క్రాట్ష్ చివర్న వెళ్తూ పట్టుకారు నా కుడిచేతికి అందేలా బల్ల మీద పెట్టి వెళ్లాడు. వాడి సాయం అంతవరకే.

తొమ్మిదిన్నరకి పెరట్లో కొళాయి కింద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. ఆ భవనం ఊడ్చే సెల్మా సీషె బకెట్టుతో వచ్చి, నన్ను చూసి వెనక్కి తిరగబోయింది.

"ఆగు సెల్మమ్మా. శనివారం అంగడి తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

ఆమె చర్చికి వెళ్లే మనిషి, యూదురాలు కాదు. పదకొండేళ్లుగా శుక్రవారం పొద్దుగూకే ముందు మేస్త్రి తాళంచెవి ఆమె చేతిలో పెడతాడు. శనివారం మా మతంలో పని ముట్టని రోజు; ఆయన తాళం తిప్పడు, నిప్పు ముట్టుకోడు, బయట చేత్తో గాని జేబులో గాని ఏదీ మొయ్యడు. తోళ్లు చెమ్మెక్కకుండా ఆమే వెళ్లి పొయ్యిలో బొగ్గు వేస్తుంది. సాయంత్రం మూడు చుక్కలు పొడిచాక ఆయన వచ్చి తాళంచెవి తీసుకుని, ఆమెకో జడలా అల్లిన రొట్టె ఇస్తాడు.

"ఆయనే వచ్చి తీసుకున్నాడు," అంది, నేల చూస్తూ. "పదింటికి. జేబులో వేసుకున్నాడు."

"ఈ పాఠం ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు బాబూ."

"పదకొండేళ్లలో ఒక్క శనివారమైనా ఆయన చేతిలో ఏదైనా చూశావా? పోనీ రుమాలు?"

"మొయ్యకూడదని రుమాలు మణికట్టుకి చుట్టుకునేవాడు." నా చేతికేసి చూసింది. నీళ్లు ఇంకా ఎర్రగానే పోతున్నాయి. బకెట్టు కింద పెట్టి దాని మీదే కూర్చుంది.

"తొమ్మిదిన్నరకి గోధుమ చొక్కాలవాళ్లు ముగ్గురొచ్చారు, అట్టలు పట్టుకుని. ఫొటో తీసేవాడు ఒకడు. అంగడి మూసుంది. శనివారం మూసే ఉంటుందని తెలీదు వాళ్లకి. ముందు నవ్వుకున్నారు. ఫొటో అతనన్నాడు, మూసిన అంగడికి మీరు కాపలా కాస్తుంటే ఏం తీయను, పేపర్లో చూసినవాళ్లు నవ్వుతారు అని. అప్పుడు మేస్త్రిగారు ప్రార్థనకి పోతూ ఈ సందులోంచే వచ్చాడు."

"తెరవమన్నారా?"

"ఈరోజు కుదరదు, సోమవారం రండి, మీకూ తెరుస్తాను అన్నాడు. మంచిగానే అన్నాడు బాబూ, నవ్వుతూ. ఆయన వేళ్లు మా భవనం వాకిలి తలుపు బందు దగ్గర పెట్టి నొక్కారు. అప్పటికీ తెరవనన్నాడు. పోలీసుల్ని పిలవండి అని కేకేశాడు. వచ్చారు పోలీసులు. ఇన్‌స్పెక్టర్‌గారే వచ్చారు."

"ఎన్నింటికి?"

"తొమ్మిదీ నలభై. తాళంచెవి నా దగ్గరుంటుందని సందులో అందరికీ తెలుసు, నేరుగా నా గుమ్మంలోకి వచ్చి చెయ్యి చాపారు. తాళంచెవి ఇచ్చాను. నేనే ఇచ్చాను. తెరిచి, ఆయన్ని లోపలికి లాక్కెళ్లారు. బయట ఆ ముగ్గురూ ఫొటోకి నిలబడుతున్నారు, లోపల ఆయన అరుస్తున్నాడు. ఫొటో అతను విసుక్కున్నాడు, జనం చూస్తున్నారు, ఆ గోల ఆపండి అని. ఆగిపోయింది."

"నీకేం వినబడింది చివర్న?"

"నా పేరు. సెల్మా అని పిలిచాడు, ఒక్కసారి."

"వెళ్లావా?"

"చేతిలో బొగ్గు పార ఉంది. అలాగే నిలబడ్డాను. కాసేపటికి ఇన్‌స్పెక్టర్‌గారు ఒక్కరే పెరటి తలుపు తీసుకుని బయటికొచ్చారు. చేతులు కడుక్కున్నారు. ఈ కొళాయి దగ్గరే."

చెయ్యి కొళాయి కిందనుంచి తీసేశాను.

పదకొండుంబావుకు మొట్టమొదటిసారి వచ్చానని సంతకం పెట్టినవాడు తొమ్మిదీ నలభైకి తాళం తీశాడు. పదింటికి పొడిచాడు. పెరటి తలుపు తీసి ఉంచి, పదీ యాభైకి బావని వెతుక్కుంటూ వచ్చిన హీర్ష్‌ని పట్టుకున్నాడు. నక్కని నరికి బల్ల మీద పరిచాడు.

"ఈ మాట జడ్జి ముందు చెబుతావా?"

"చెబితే నా మాట ఒకటి, ఆయన మాట ఒకటి. ఊడ్చేదాని మాట ఎవరికి కావాలి? చేత్తో పట్టి చూపించే వస్తువేదైనా ఉంటే చెబుతాను."

ఆమె చెప్పింది సబబే. ఆమెని వెంటబెట్టుకుని పై అంతస్తులో గిటెలమ్మ ఇంటికెక్కాను. తొమ్మిదీ యాభై ఐదు. చావింటి ఆచారంగా అద్దాల మీద దుప్పట్లు కప్పి ఉన్నాయి. ఆమె నోటరీ దగ్గరికి వెళ్లడానికి తయారై, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నేల మీద కూర్చుని ఉంది.

"నువ్వు దెబ్బలు తినకుండా ఒక్కరోజైనా ఉండలేవా ఫైవెల్?" అంది.

"అమ్మా, ఒక్కటి చెప్పండి. శనివారం మేస్త్రి వేసుకున్నది ఏ కోటు?"

"శనివారం కోటే. నల్లది."

"దాని కుడి జేబులో తాళంచెవి దొరికిందని హెంపెల్ రాశాడు. తనే తీశానని సంతకం పెట్టాడు."

తలెత్తింది. రెండురోజుల్లో మొదటిసారి ఆ కళ్లలో మనిషి కనబడింది.

"ఏ జేబు?"

"కుడి జేబు."

"ఆ కోటుకి జేబుల్లేవు." లేచి నిలబడింది. "పెళ్లయిన కొత్తలో ఒక శనివారం జేబులో పెన్సిల్ ముక్కతో ప్రార్థనకి వెళ్లాడు. చూసుకుని, వారం రోజులు అన్నం సరిగా తిన్లేదు. అప్పుడు నేనే రెండు జేబులూ కుట్టేశాను, మైనం పట్టించిన తోలు దారంతో. పైన మడత అలాగే ఉంటుంది, చూడ్డానికి జేబే. వేలు కూడా దూరదు. కోటు మారినప్పుడల్లా కుడుతూనే ఉన్నాను, ముప్ఫై ఒక్క ఏళ్లు."

సెల్మా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆ కోటు ఎక్కడుందమ్మా?"

గిటెలమ్మ మొహంలో రక్తం దిగిపోయింది. ఆమె చెప్పకముందే నాకూ తెలిసింది. మాలో మామూలు చావుకైతే స్నానం చేయించి తెల్లబట్ట చుడతారు. చంపబడినవాడికి స్నానం ఉండదు. ఒలికిన రక్తం మనిషితోపాటే పోవాలని, తడిసిన బట్టల్తోనే గోతిలో దించుతారు. కోటు ఆయన ఒంటి మీదే ఉంది. హెంపెల్‌ని కోర్టుకి ఈడ్చగలిగిన ఒకే ఒక్క వస్తువు, మా చేతుల్తో మేమే పూడ్చబోతున్నాం.

"పదకొండింటికి కదా. ఇంకా గంటుంది," అన్నాను.

"లేదు. ఇప్పుడే కబురొచ్చింది. స్టేషన్ నుంచి ఎవరో ఫోన్ చేశారట, పదిన్నరకే పూర్తిచెయ్యాలని."

రిపోర్టులో ఆ వాక్యం నేను రెండుసార్లు చదవడం వాడు విన్నాడు. జేబు సంగతి వాడికి తెలియదు, కానీ నా నోరు ఎక్కడ ఆగిందో తెలుసు.

సందు చివర తోళ్లు మోసే లారీవాడు సంఘం మనిషి. వాడి లారీ మీద ముగ్గురం ఎక్కాం. శ్మశానం గేటు దగ్గర దిగేసరికి పదీ ఇరవై ఎనిమిది. గేటుకి అటొకడు ఇటొకడు, నన్ను తన్నిన ఆ ఇద్దరే. ఒకడు నా విరిగిన పక్కటెముక మీదే మోచెయ్యి పెట్టి తోశాడు. మా లారీవాడు ఇనుప కొక్కెంతో వాడి మోకాలి మీద కొట్టాడు, ఎముక పగిలింది. రెండోవాడు ఈల ఊదుతూ రోడ్డు మీదికి పరిగెత్తాడు. ఎంతమందిని తెస్తాడో, ఎన్ని నిమిషాల్లో తెస్తాడో.

గోతి చుట్టూ ఇరవైమంది దాకా ఉన్నారు. శవపెట్టె దించేశారు. మా ముసలి మతగురువు రబ్బీ చేతిలో పార, పార మీద మొదటి మట్టి.

"ఆడవాళ్లు ఇక్కడికి రాకూడదు గిటెల్," అన్నాడు రబ్బీ. కోటు కావాలన్న నా మాట విన్నాక తల అడ్డంగా ఊపాడు. "రక్తం పట్టిన బట్ట విప్పడం పాపం ఫైవెల్. చచ్చినవాడిని రెండోసారి దోచుకోవడం."

గిటెలమ్మ గోతి అంచున మోకాళ్ల మీద కూర్చుంది. "ఆయన వేళ్లు విరిగినా తాళం తిప్పలేదు," అంది. "ఆ మనిషి శనివారం జేబులో తాళంచెవి వేసుకు తిరిగాడని కాగితంలో ఉంది. ఆ అబద్ధంతో ఆయన్ని పూడుస్తారా? పాపం నాకు రాయండి. విప్పండి."

ఎవరూ కదల్లేదు. రోడ్డు మీద ఇంకో ఈల వినబడింది, దానికి జవాబుగా మరొకటి.

నేను గోతిలోకి దిగాను. మూత మీద నిలబడి వాళ్లందరికీ చెప్పాను, మీకూ అదే చెబుతున్నాను. ఏడవడం తర్వాత. నలుగురు దిగి మూత తీయండి. కోటు విప్పండి, కుట్టు తెంచొద్దు, దారం పోగు కూడా కదలొద్దు. మిగతావాళ్లు గేటుకి అడ్డం నిలబడండి, చేతిలో ఏముంటే అది పట్టుకోండి. అందరూ ఆ జేబు చూడండి, వేలు పెట్టి చూడండి, పేర్లు రాసి సంతకాలు పెట్టండి. సెల్మమ్మా, నీకు వస్తువు కావాలన్నావు, ఇదిగో, ఇప్పుడు వీళ్లందరి ముందు చెప్పు, కొళాయి దగ్గర ఎవరు చేతులు కడుక్కున్నారో. పన్నెండింటికి నోటరీ దగ్గర సంతకం ఉండదు. అంగడి ఇవ్వం. హీర్ష్‌ని ఇవ్వం. కాలర్లు పైకి లాక్కుని పోయినవాళ్లారా, మీరు కొన్న ప్రతి అంగడి వెనకా ఇలాంటి పెట్టె ఒకటుంది, దాన్ని తెరవండి.

రబ్బీగారూ, ముందు ఆ పార కింద పెట్టండి.